సగం కాలిన బొండకొయ్య

శంకరలింగం గురువుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు చేతికి పని వచ్చేది, ఆ తరువాత జవాబు వచ్చేది. కొన్నిసార్లు జవాబు రాకుండానే పని అయిపోయేది. మఠానికి వచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలుసు కనుక బద్ధకస్తులు ఆయన్ని ప్రశ్నలు అడిగేవారు కాదు. ఆ సాయంత్రం అరుగు మీద కొత్త చింతపండు కుప్ప పోసి ఉంది. సుదర్శనం పట్నం నుంచి బస్సు దిగి నేరుగా వచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా అడిగేశాడు.

"గురువుగారూ, తగలబెట్టకుండా ఏ రాజ్యమన్నా మారిందా? దండం పెడితే దిగిపోయిన దొర ఒక్కడున్నాడా, చెప్పండి."

పట్నంలో అప్పటికి కొన్నాళ్ళుగా గొడవలు నడుస్తున్నాయి. ఏదో సర్కారు కచేరీ కాలింది, బస్సులు కాలాయి, లాఠీలు విరిగాయి. సుదర్శనం మాటలోనే కాదు, చొక్కాలోనూ పొగ వాసన ఉంది. అతడు ఆ రాత్రికి మళ్ళీ పట్నం వెళ్ళాలో వద్దో తేల్చుకోవడానికే వచ్చాడని మాకందరికీ అర్థమైంది. గురువుగారు నోరు విప్పేలోపే కేశవరావుగారు అందుకున్నారు. ఆయన రెవెన్యూలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. మఠంలో కూర్చున్నా కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుంటారు.

"అదంతా ఎవరి సొమ్మనుకున్నావు నాయనా? నువ్వూ నేనూ కట్టిన పన్ను. ఎంత నష్టమో పేపర్లో వేశారు, చూశావా?"

ఏ వీధిలో ఏది కాలిందో, దాని ఖరీదు ఎంతో ఆయనకు కంఠతా వచ్చు. అవి ఎందుకు కాలాయో మాత్రం ఆయన చదివిన పేజీలో వేసినట్టు లేదు. సుదర్శనానికి ముఖం ఎర్రబడింది. గురువుగారు ఇద్దరి ముందుకూ చెరొక చాటెడు చింతపండు తోసి, "గింజలు తీసుకుంటూ వినండి" అన్నారు. ఆయన చెప్పింది ఇది.

మా అమ్మ పుట్టిన ఊరు రేగులగడ్డ. నేను పుట్టకముందు ఆ ఊరు ఒక దొర చేతి కింద ఉండేది. పొద్దున దొర ఉండే గడీ ముందు డప్పు మోగితే ఎవరి వంతు వాళ్ళు వెళ్ళి కూలి లేని చాకిరీ చేసి రావాలి. దాన్నే వెట్టి అనేవారు. వెళ్ళనివాడి కోసం గడీ వాకిట్లో బొండకొయ్య ఉండేది. రెండు బారెడు మద్ది దూలాలు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, అవి కలిసే చోట పైదానిలో సగం, కిందిదానిలో సగం గుండ్రంగా తొలుస్తారు. పై దూలం ఎత్తి మనిషి కాళ్ళు అందులో పెట్టించి, దించి, చివరన ఇనుప చీల దిగ్గొడతారు. ఆ తరువాత కాపలా కూడా అక్కర్లేదు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ వాడు అక్కడే ఉంటాడు. దారిన పోయేవాళ్ళు తల తిప్పుకుని పోతారు. ఎందరి కాళ్ళో ఒరుసుకుని ఆ తొర్రల అంచులు నల్లగా, నున్నగా తేలి ఉండేవట.

పోశాలు దొరగారి మేనా మోసే బోయీ. ఒకరోజు బిడ్డకు ఒళ్ళు కాలిపోతుంటే డప్పు విని కూడా కదల్లేదు. ఆ రోజు మొదలు అతనికీ బొండకూ పొత్తు కుదిరింది. మనిషి ఊరుకునే రకం కాదు. "మా బిడ్డకు జరమొస్తే మీ మేనా ఆగొద్దా దొరా" అని అడిగాడు. అడిగిన ప్రతిసారీ బొండలో కూర్చున్నాడు. కుడికాలి మడమ మీది ఎముక దగ్గర చర్మం ఊడి, మానీ, మళ్ళీ ఊడీ, చివరకు అక్కడ ఒక గుంట పడింది. నడక కుంటయింది. అతని పెళ్ళాం ఎల్లవ్వ ఆ గుంటలో ఆముదం రాస్తూ దొరను తిట్టేది. గోడలకు కూడా వినపడకుండా తిట్టేది పాపం, వింటే తనకూ అదే బొండ కదా.

మన వైపు కాముని పున్నమి ఆచారం మీకు తెలిసిందే. కుర్రకారు జాజిరి పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగి కట్టెలు పోగుచేస్తారు. ఇవ్వకపోతే ఎత్తుకొస్తారు. విరిగిన మంచం, పాత నాగలి, ఊడిన తలుపు, ఏది దొరికితే అది. ఒకసారి కాముని మంటలో పడ్డ కట్టెను ఎవరూ తిరిగి అడగరాదు, తిట్టరాదు. ఆ ఏడు మల్లేశు అనే పిల్లవాడికి ఒక ఆలోచన వచ్చింది. పోశాలు అప్పుడు బొండలోనే ఉన్నాడు. జాజిరి గుంపంతా గడీ వాకిట్లోకి వెళ్ళి, చీల ఊడగొట్టి, పోశాలును భుజాల మీద ఎక్కించుకుని, బొండను మరో పదిమంది భుజాల మీద ఎక్కించుకుని వచ్చి మంటలో వేసింది. ముదిరిన మద్ది కట్టె, తెల్లవారే దాకా కాలింది. పొద్దున ముసలీ ముతకా వచ్చి ఆ బూడిద నుదుట పెట్టుకున్నారు. పోశాలు ఏడ్చాడట. దొర పని అయిపోయిందని ఊరంతా అనుకుంది.

దొర ఒక్క మాట అనలేదు. కామునిలో పడ్డ కట్టెను దొరైనా అడగరాదు కదా. నెల తిరక్కుండా ఊరి వడ్రంగి వడ్ల వీరాచారిని పిలిపించి కొత్త బొండ చేయించాడు. పాతదానిలో రెండు జతల కాళ్ళు పడితే దీనిలో నాలుగు జతలు పట్టాయి. మళ్ళీ కాముని పున్నమి వచ్చింది, మళ్ళీ ఎత్తుకుపోయి కాల్చారు. మళ్ళీ వీరాచారి చేశాడు. ఆ తరువాతి ఏడు దొరే గడీ తలుపులు తీయించి, "జాగ్రత్తగా మోయండ్రా, భుజాలు నొస్తయి" అని నవ్వుతూ పంపాడు. దానితో పాటు ఒక డబ్బా నూనె కూడా పంపాడు. దొర జడిసిపోయాడని కుర్రవాళ్ళు చంకలు గుద్దుకున్నారు. ఏడాది పొడవునా కాళ్ళు పెట్టడం, ఏడాదికొకసారి కాల్చడం, మర్నాడు నిద్ర కళ్ళతో డప్పు విని వెట్టికి పోవడం. మా తాత ఈ సంగతి చెప్పేటప్పుడు పళ్ళు కొరికేవాడు. తన ఊరివాళ్ళ మీద కొరికేవాడో, దొర మీద కొరికేవాడో చెప్పేవాడు కాదు.

ఇంతలో పైనున్న సర్కారు కొత్త హుకుం తీసింది. మనిషిని బొండలో వేయడం ఇక నేరం, ఏ గడీలో బొండ దొరికితే ఆ దొరకు ఊరి మీద పెత్తనం పోతుంది. ఈ మాట గాజులమ్మే ఆమె నోట ఎల్లవ్వ చెవిన పడింది. ఆమె జిల్లా కచేరీకి నడిచిపోయి మెట్ల మీద కూర్చుంది. లేపితే లేచింది, లేపినవాడు లోపలికి పోగానే మళ్ళీ కూర్చుంది. చివరకు ఒక అధికారి విసిగిపోయి, కాముని పున్నమి మర్నాడు వచ్చి చూస్తానని మాట ఇచ్చాడు. ఆ వార్త ఆమెతో పాటే ఊరికి చేరింది. గడీకి అంతకంటే ముందే చేరింది.

ఎల్లవ్వ మల్లేశు ఇంటికి వెళ్ళి వాకిట్లో నిలబడింది.

"బిడ్డా, ఈ ఒక్క ఏడు బొండను ముట్టకుండ్రి. దాన్ని సూసెటోడు రేపొస్తుండు."

"ఎవడొస్తడు అత్తా? ఇన్నేండ్ల సంది ఎవడొచ్చిండు? ఏడాదికి ఒక్క రాత్రి మాది. అది గూడ ఇడ్సిపెట్టమంటవా?"

ఆ పిల్లవాడి మాటలో అబద్ధం లేదు. అందుకే ఆమె వెనుదిరిగి వచ్చేసింది. ఆ సాయంత్రం గడీ నుంచి నూనె డబ్బా వచ్చింది, కల్లు కుండలు వచ్చాయి, పక్క ఊరి డప్పులు కూడా వచ్చాయి. బొండను దొర మనుషులే సగం దూరం మోసుకొచ్చి పెట్టారు. దాని ఇనుప చీల మాత్రం రాలేదు, ఇనుము కాలి బూడిద కాదు కదా. ఆ సందడిలో చీల ఏదని ఎవరడుగుతారు? మంట ఎగిసింది. అందరూ ఆడుతుంటే ఎల్లవ్వ ఒక్కతే కొక్కెం కర్ర వేసి దూలం కొసను గుంజింది. కొంగు అంటుకుంది, చేతులు కాలాయి. ఒక మూరెడు ముక్క బయటికొచ్చింది. కిందిదూలం ముక్క అది, దానికి ఒక సగం తొర్ర ఉంది. ఆమె కుండెడు నీళ్ళు గుమ్మరించి, దాన్ని ఇంటికి మోసుకుపోయింది.

మర్నాడు అధికారి నిజంగానే వచ్చాడు. ఎల్లవ్వ తప్ప ఎవరూ నమ్మని సంగతి జరిగింది. గడీలో భోజనం చేసి, తాంబూలం వేసుకుని, వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బొండ ఏది అన్నాడు. మల్లేశు ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "మేమే కాల్చినం సర్కారు. ఏటేటా కాలుస్తం" అన్నాడు. ఊరు ఊరంతా ఔనంది. తమ పౌరుషం సర్కారు చెవిన పడుతోందని మురిసిపోయింది.

దొర చేతులు జోడించాడు. "విన్నరు గదా. ఏటా పండుగ పేరు చెప్పి నా కొట్టం దూలాలు ఎత్తుకపోయి కాలుస్తున్నరు. ఆచారమని ఊకున్న. బొండ అంటున్నరు, ఉంటే సూపించమనండి." కామునిలో పడ్డ కట్టెను తిరిగి అడిగినవాణ్ణి ఆ ఊరు అప్పటిదాకా చూడలేదు. దొర ఆచారం తప్పుతాడని వాళ్ళ లెక్కలోనే లేదు. ఏళ్ళ తరబడి కాళ్ళను కొయ్యలో దిగ్గొట్టినవాడు కట్టె విషయంలో మర్యాద పాటిస్తాడని నమ్మారు చూడండి, అదీ మా రేగులగడ్డ.

తేరుకుని, అది బొండే అని అందరూ మొత్తుకున్నారు. కాల్చినవాళ్ళ సాక్ష్యం చెల్లదన్నాడు అధికారి. కాల్చనివాళ్ళు ఎవరున్నారని అడిగాడు. ఎల్లవ్వ కట్టుగట్టిన చేతులతో ఆ ముక్క తెచ్చి ముందు పెట్టింది. "ఇదేదో కాడిమాను ముక్క" అన్నాడు దొర. అప్పుడు పోశాలు కుంటుకుంటూ వచ్చి, కింద కూర్చుని, కుడికాలు ఆ సగం తొర్రలో పెట్టాడు. మడమ మీది గుంటలో తొర్ర అంచు వచ్చి కూర్చుంది. సందు లేకుండా కూర్చుంది. అధికారి ముఖం చిట్లించి చూశాడు.

"కాలు తియ్యి. అది కేసు సొత్తు" అన్నాడు.

ఇక్కడ గురువుగారి గొంతు మారింది. ఆయన కోపం మేం చాలాసార్లు చూడలేదు. చేతిలోని చింతపండు చాటలో పడేసి మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ మధ్యాహ్నమంతా ఆ అధికారి పెద్దమనిషి బూడిద గుట్ట చుట్టూ తిరిగాడు. ఎంత పొడుగు దూలాలు, ఏ కట్టె, ఎంత ముదురు, అన్నీ ఆరా తీశాడు. సగం కాలిన ముక్కను కూడా పూర్తిగా కాలినట్టే రాసుకోమన్నాడు దొర, అలాగే రాసుకున్నాడు. తీర్పు ఏమిటంటే, మల్లేశును జైలుకు తీసుకుపోవాలి, ఊరివాళ్ళు అడవి నుంచి మద్ది మానులు కొట్టి గడీకి తోలాలి. దూలానికి నష్టం కట్టించాడు. కాలికి ఏం కట్టించాడు? ఆ కాలు ఆయన కళ్ళ ముందు, ఆయన కుర్చీకి బెత్తెడు దూరంలో ఉంది. సర్కారు ఆస్తి, దొర ఆస్తి అని గుండెలు బాదుకునేవాళ్ళను చూస్తే నాకు ఆ కుర్చీ గుర్తుకొస్తుంది.

రాతకోతలు అయ్యాక ఆ ముక్క ఎవరికీ అక్కర్లేనిదైంది. ఎల్లవ్వ దాన్ని తీసుకుని వీరాచారి కొట్టంలోకి వెళ్ళింది. ఊరివాళ్ళు తోలిన కొత్త మాను మీద అతడు అప్పుడే మరో బొండకు దారం పట్టి గీత కొడుతున్నాడు. ఆమె ముక్కను అతని ముందు దించింది.

"అన్నా, ఇది నీ చేతి పనే గదా?"

"నాదే" అన్నాడు వీరాచారి, తలెత్తకుండా. "దొర చెప్తే చేసిన. నేను కాకుంటె ఇంకోడు చేస్తడు."

"పని మంచిగ చేసినవు. ఒక్కసారి కాలు వెట్టి సూడు."

వీరాచారి చేతిలోని దారం పక్కన పెట్టాడు. తరువాత, ఆమె చేతుల కట్లు చూసో ఏమో, కాలు చాపి తొర్రలో పెట్టాడు. వెంటనే తీయబోతే ఎల్లవ్వ అతని మోకాలి మీద చేయి వేసి నొక్కింది.

"జర ఉండన్నా. మా ఆయన పొద్దుమూకిందాంక ఉండె."

అతడు పొద్దుమూకే దాకా అలా ఉన్నాడో లేదో ఎవరూ చూడలేదు. ఆ కొత్త మాను మీద గీత మాత్రం గీతగానే ఉండిపోయింది. దొర పిలిపించి, బొండ ఎప్పుడైతదిరా అని అడిగాడు. "ఇగ చెయ్య దొరా" అన్నాడు వీరాచారి. దొర రెచ్చిపోయి, "వీణ్ణి తీస్కపోయి బొండల ఎయ్యుండ్రి" అని అరిచాడు.

నౌకర్లు వీరాచారిని రెక్కలు పట్టుకుని రెండడుగులు నడిపించి ఆగిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెయ్యనన్నవాణ్ణి వెయ్యడానికి బొండ లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వాకిట్లో జీతగాళ్ళ నవ్వు వినపడటం అదే మొదలని మా తాత చెప్పేవాడు.

కొరడా లేదా అంటారా, ఉంది. వీరాచారి వీపు చిట్లిపోయింది. కాని కొయ్య అయితే పగలంతా తనంతట తానే మనిషిని పట్టుకుంటుంది. కొరడాకు ఒక చెయ్యి కావాలి, ఆ చెయ్యి కూడా ఊరిదే, ఎంతసేపని ఆడుతుంది? దొర చుట్టుపక్కల ఊళ్ళ వడ్లవాళ్ళకు కబురు పంపాడు. కబురు చేరేలోపే ఎల్లవ్వ ఆ ముక్కను నెత్తిన పెట్టుకుని వాళ్ళ కొట్టాలన్నీ తిరిగి వచ్చింది. పిచ్చిదన్నారు. కాలు పెట్టమంటే కొందరు పెట్టలేదు, తిట్టి పంపారు. తిట్టినవాళ్ళు కూడా బొండ చేయడానికి రాలేదు. డప్పు మోగితే వచ్చేవాళ్ళు పలచబడ్డారు, ఒకనాటికి డప్పు కొట్టేవాడే రాలేదు. దొర పట్నంలో ఉండిపోదామని బయల్దేరిన రోజున మేనా ఎత్తడానికి మనుషులు దొరక్క ఎద్దుల బండిలో పోయాడు. ఆ ఏడు కాముని పున్నమికి కాల్చడానికి బొండ లేదని కుర్రవాళ్ళు కొంచెం చిన్నబుచ్చుకున్నారట కూడా.

గురువుగారు అక్కడ ఆపి మంచినీళ్ళు తాగారు. సుదర్శనం అప్పటికే ముందుకు జరిగి కూర్చున్నాడు.

"చూశారా, కాల్చబట్టే కదా గురువుగారూ! పాత బొండ అక్కడే ఉండుంటే వీరాచారినే అందులో కూర్చోబెట్టేవాడు. నవ్వడానికి ఎవడుండేవాడు?"

"బాగుందయ్యా" అన్నారు కేశవరావుగారు. "కాల్చడం వల్ల వచ్చింది కేసు. చేయనని కూర్చోవడం వల్ల వచ్చింది ఫలితం. కాల్చకుండా ఆ ఒక్కరోజు ఆగి ఉంటే చట్టమే దొరను దించేది."

"ఏ చట్టం? గడీలో భోంచేసిన చట్టమా?"

"ఒక అధికారి చెడ్డవాడైతే చట్టం చెడ్డదా?"

ఆ తరువాత ఇద్దరూ తగ్గలేదు. కొయ్యను మొదటి ఏడు కాల్చడమే సరైనదని ఒకరు, మొదటి ఏడే కాల్చకుండా ఉండాల్సిందని ఒకరు. దూలం ఉండి ఉంటే ఏమయ్యేది, లేకపోతే ఏమయ్యేది అని దీపాలు పెట్టే వేళ దాకా వాదించుకున్నారు. పట్నం పోయే ఆఖరి బస్సు హారన్ కొడుతూ మఠం ముందు నుంచే వెళ్ళింది. సుదర్శనం దాన్ని చూశాడు కాని మాట మధ్యలో లేవలేకపోయాడు. మాలో కొందరం అటు, కొందరం ఇటు చేరి మేమూ గొంతులు పెంచాం. చాటల్లో చింతపండు అలాగే ఉండిపోయింది.

గురువుగారు లేచి, ఇద్దరి ముందున్న చాటలూ తీసుకున్నారు. గింజలు తీయని పండును వేళ్ళతో కెలికి చూశారు.

"కట్టె సంగతి ఇంతసేపు మాట్లాడారు. పోశాలు కాలు ఏమైందని మీలో ఒక్కరూ అడగలేదు" అని లోపలికి వెళ్ళిపోయారు.